వీసా వచ్చింది కదా, ఇన్సూరెన్స్ ఉన్నట్టే కదా? స్కీ ట్రిప్పులపై అపోహలు, వాస్తవాలు

మొన్న సోమవారం ఆఫీసు తెరవగానే మొదటి ఫోన్. "అన్నా, షెంగెన్ వీసా వచ్చేసింది, ఇన్సూరెన్స్ కాగితం అందులోనే పెట్టాం కదా, ఇక లిఫ్ట్ పాస్ ఒక్కటి బుక్ చేస్తే అయిపోయినట్టే." హిమాయత్‌నగర్‌లో చిన్న ట్రావెల్ డెస్క్ పెట్టుకుని పన్నెండేళ్లుగా మన వాళ్లను మంచు కొండలకు పంపుతున్నాను. నాకూ స్కీయింగ్ పిచ్చి ఉంది, ఏడాదికి ఒక్కసారైనా వెళ్లకపోతే మనసు ఊరుకోదు. కానీ చలికాలం వచ్చిందంటే ఈ మాట కనీసం పదిమంది నోట వింటాను, విన్న ప్రతిసారీ గుండె జారుతుంది. అందుకే ముందు దీని గురించే రాస్తున్నాను.

అపోహ: వీసా కోసం తీసుకున్న పాలసీ స్కీయింగ్‌కి కూడా పనికొస్తుంది.

వాస్తవం: చాలా పాలసీలు పనికిరావు. షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) అడిగేది కనీసం 30,000 యూరోల కవరేజీ. అత్యవసర వైద్యానికి, మనిషిని తిరిగి ఇంటికి చేర్చడానికి. మీరు అక్కడ మ్యూజియం చూస్తారా, కొండ మీద నుంచి జారతారా అన్నది ఆ నిబంధనలో లేదు. వీసా స్టాంపు పడింది కాబట్టి పాలసీ అన్నిటికీ సరిపోతుందని మన వాళ్లు అనుకోవడం సహజమే, వాళ్ల తప్పేమీ లేదు, ఎవరూ చెప్పరు. పాలసీ పీడీఎఫ్ తెరిచి ఎక్స్‌క్లూజన్స్ (పాలసీ వర్తించని సందర్భాలు) పేజీకి వెళ్లండి. అక్కడ 'అడ్వెంచర్ స్పోర్ట్స్' అనో 'వింటర్ స్పోర్ట్స్' అనో ఉంటే, స్కీయింగ్ చేస్తూ కాలు విరిగితే ఒక్క రూపాయి కూడా రాదు. క్రెడిట్ కార్డుతో వచ్చే ఉచిత ఇన్సూరెన్స్ కూడా చాలావరకు ఇంతే.

మూడేళ్ల క్రితం మియాపూర్ నుంచి ఒక జంట ఆస్ట్రియా వెళ్లారు. టికెట్లు మాత్రమే నా దగ్గర తీసుకున్నారు, ఇన్సూరెన్స్ ఆన్‌లైన్‌లో చవకగా దొరికిందని వాళ్లే కొనుక్కున్నారు. మూడో రోజు మధ్యాహ్నం, అదీ తేలికపాటి బ్లూ స్లోప్ మీద, అతను పడ్డాడు, మోకాలి కిందే ఎముక చిట్లింది. మనకి రాత్రి పదకొండున్నర అయ్యింది, ఆ అమ్మాయి ఫోన్ చేసి ఏడుస్తూనే పాలసీ నాకు పంపింది. నేను చదువుకుంటూ పోయాను, తొమ్మిదో పేజీలో 'వింటర్ స్పోర్ట్స్' అన్న రెండు మాటలు కనబడ్డాయి. ఆ మాట ఆమెకి ఎలా చెప్పాలో తెలియక కాసేపు ఊరికే ఉండిపోయాను. ఆపరేషన్, ఆసుపత్రి, కాలు చాపుకుని కూర్చోవడానికి విమానంలో అదనపు సీట్లు, అన్నీ కలిపి మన డబ్బుల్లో పన్నెండు లక్షలు దాటింది. అబ్బాయి వాళ్ల నాన్నగారు చిట్టీ ఎత్తి పంపించారు. స్కీయింగ్ కవర్ చేర్చుకుని ఉంటే ప్రీమియం మహా అయితే కొన్ని వేలు పెరిగేది.

కొనేటప్పుడు ఫోన్‌లో 'స్కీయింగ్ కవర్ అవుతుందా' అని అడిగి ఊరుకోకండి, రాతపూర్వకంగా మెయిల్ తెప్పించుకోండి. పిస్ట్ (రిసార్టు వాళ్లు సిద్ధం చేసిన స్లోప్) మీద మాత్రమేనా, ఆఫ్-పిస్ట్ (దాని బయట) కూడానా? హెల్మెట్ తప్పనిసరా? మందు తాగి ఉంటే క్లెయిమ్ పోతుందా (దాదాపు అన్ని పాలసీల్లో పోతుంది, మధ్యాహ్నం భోజనంతో ఒక బీర్ అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి)? కొండ మీద నుంచి కిందికి దించే ఖర్చు, అంటే రెస్క్యూ, అందులో ఉందా? ఇది చాలామందికి తట్టదు. ఆసుపత్రి బిల్లు వేరు, హెలికాప్టర్ బిల్లు వేరు. ఫ్రాన్స్‌లో స్కీ స్లోప్ మీద రెస్క్యూకి డబ్బు వసూలు చేసుకోవచ్చని 1985 నాటి పర్వత చట్టమే చెబుతోంది, అందుకే అక్కడ లిఫ్ట్ పాస్‌తో పాటు రోజుకు కొద్ది యూరోలకి 'కారె నేజ్' అనే కవర్ అమ్ముతారు, తీసుకోండి. ఇటలీకి వెళ్తే ఇంకో సంగతి. మీరు ఎవరినైనా గుద్దితే వాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2022 జనవరి 1 నుంచి అక్కడ తప్పనిసరి. లేకుండా స్లోప్ ఎక్కితే జరిమానా వేస్తారు. హెల్మెట్ కూడా 2025 నవంబరు నుంచి అక్కడ అన్ని వయసుల వాళ్లకీ తప్పనిసరి చేశారు.

ఇంకొకటి, పాలసీ ఇక్కడి నుంచి బయలుదేరక ముందే కొనాలి. అక్కడ దిగాక కొందాంలే అంటే సాధారణంగా కుదరదు.

దెబ్బ తగిలితే ఏం చేయాలి? స్కీ పాట్రోల్ వాళ్లు (స్లోపుల మీద భద్రత చూసే సిబ్బంది) వచ్చేదాకా కదలొద్దు. యూరప్ అంతటా 112 పనిచేస్తుంది, ఆస్ట్రియా కొండల్లో 140, స్విట్జర్లాండ్‌లో ఎయిర్ రెస్క్యూకి 1414. ఆసుపత్రికి చేరగానే ఇన్సూరెన్స్ వాళ్ల అసిస్టెన్స్ నంబర్‌కి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి, పాట్రోల్ వాళ్ల రిపోర్టు కాపీ అడిగి దగ్గర పెట్టుకోండి. కట్టు వేసిన వెంటనే విమానం ఎక్కేద్దామని తొందరపడొద్దు. విమానంలో కాలు వాస్తుంది, అందుకే 48 గంటల లోపు వేసిన పూర్తి కట్టుని చీల్చి ఉంచమని చాలా ఎయిర్‌లైన్స్ అడుగుతాయి. విమానం ఎక్కవచ్చని డాక్టర్ ఇచ్చే ఫిట్ టు ఫ్లై కాగితం కూడా కావాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

స్నో వరల్డ్‌లో ఆడాం కాబట్టి స్కీయింగ్ వచ్చేస్తుందనుకోవడం అపోహే. చలి ఎలా ఉంటుందో మాత్రం తెలుస్తుంది. పిల్లల వేసవి సెలవుల్లో ఆల్ప్స్‌కి వెళ్దామంటారు. ఏప్రిల్ చివరికల్లా చాలా రిసార్టులు మూసేస్తారు, మేలో జెర్మాట్, హింటర్‌టుక్స్ లాంటి గ్లేసియర్ చోట్ల మాత్రమే నడుస్తుంది. సంక్రాంతి సెలవులు సరైన సమయం. స్కీయింగ్ అంటే స్విట్జర్లాండే అన్నదీ నిజం కాదు. అల్మాటీ పక్కనే షింబులాక్ స్కీ రిసార్టు ఉంది, కజకిస్తాన్‌కి మనకు 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు. జార్జియాలో గుడౌరి ఉంది. అసలు మొదటిసారైతే ముందు గుల్మార్గ్‌లో ఒక కోర్సు చేయండి, నేను నేర్చుకున్నది అక్కడే, ముప్పై ఎనిమిదో ఏట. స్లోప్ ఎంత కష్టమో రంగుతో చెబుతారు, కానీ అమెరికా బ్లూ, యూరప్ బ్లూ ఒకటి కాదు. యూరప్‌లో బ్లూ అంటే తేలిక. అమెరికాలో బ్లూ అంటే మధ్యస్థం, మొదటి మెట్టు గ్రీన్. చలిలో సన్‌స్క్రీన్ ఎందుకంటారు. తాజా మంచు ఎండని 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, కళ్లకి గాగుల్స్ లేకపోతే సాయంత్రానికి ఇసుక పడ్డట్టు మండుతాయి. జీన్స్ వేసుకుని స్లోప్ ఎక్కొద్దు. తడిస్తే ఆరదు.

ఒక్కదాని దగ్గర మాత్రం ఆగాలి. రెంటల్ షాపులో ఇచ్చే ఫారంలో ఎత్తు, బరువు, వయసు, మీ స్కీయింగ్ స్థాయి అడుగుతారు, బూటు సోల్ పొడవు వాళ్లే చూసుకుంటారు. ఎంత ఒత్తిడి పడితే బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) బూటుని వదలాలన్నది వీటిని బట్టే సెట్ చేస్తారు. పక్కన స్నేహితులున్నారని సిగ్గుపడి బరువు పది కిలోలు తగ్గించి రాస్తే స్కీ అనవసరమైన చోట ఊడిపోతుంది. పరువు కోసం 'బాగా వచ్చు' అని రాస్తే పడినప్పుడు ఊడదు, మోకాలు మెలితిరుగుతుంది, లిగమెంట్ తెగుతుంది. నేనైతే మా గ్రూపు వాళ్లని ఒక్కొక్కరినీ విడిగా కౌంటర్ దగ్గరికి పంపిస్తాను. బరువు అడిగితే అమ్మాయిలు ఎంత ఇబ్బంది పడతారో చూశాను, ఆ రెండు నిమిషాలు పక్కన ఎవరూ లేకపోతే నిజం రాస్తారు.

గత వారం వరంగల్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. కొడుకు స్నేహితులతో ఆల్ప్స్ వెళ్తున్నాడట, వాట్సాప్‌లో ఎవరో మంచు చరియలు విరిగిపడే వీడియో పంపారట, రెండు రాత్రులుగా నిద్ర లేదన్నారు. అలాంటి వీడియోలు పంపేవాళ్లకి ఒక తల్లి పడే టెన్షన్ అర్థం కాదు. నిదానంగా చెప్పాను. "అమ్మా, తెరిచి ఉన్న స్లోపులని పొద్దున్నే పాట్రోల్ వాళ్లు చూసి గానీ వదలరు. ప్రమాదమున్న మంచుని ముందే పేల్చి దించేస్తారు. తాడు కట్టి మూసేసిన వైపు వెళ్లేవాళ్లకే ఎక్కువగా ముప్పు. బాబుని ఆ తాడు దాటొద్దని చెప్పండి, అలాగే ఇన్సూరెన్స్ కాగితంలో స్కీయింగ్ అన్న మాట ఉందో లేదో చూడమనండి." సాయంత్రం మళ్లీ ఫోన్ చేశారు. "బాబూ, వాడి పాలసీలో లేదంట. ఇప్పుడే డబ్బు కట్టి చేర్పించుకున్నాడు."