ఒక్క బిట్టుతో రాలిపోయిన చీటీ

ఇంటర్నెట్ నుంచి ఏదైనా ఫైలు దించుకున్నప్పుడు విండోస్ కంప్యూటర్‌లో బ్రౌజరు దానికొక చీటీ అంటిస్తుంది. ‘జోన్ ఐడెంటిఫయర్’ అనే ఈ చీటీ ఫైలు లోపల ఉండదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో సిద్ధం చేసిన డిస్కులో, ఆ ఫైలుకు అనుబంధంగా, పైకి కనబడని మరో అరలో ఉంటుంది. విప్పి చదివితే రెండు మూడు పంక్తులు; వాటిలో ఒకటి ‘జోన్‌ఐడీ=3’. 3 అంటే ఇంటర్నెట్. విండోస్‌లోని భద్రతా కాపలాదారు స్మార్ట్‌స్క్రీన్ హెచ్చరించాలన్నా, పత్రాల్లో పొందుపరిచిన చిన్న ప్రోగ్రాములైన మాక్రోలను వర్డ్ ఆపాలన్నా చూసేది ఈ అంకెనే.

దించుకున్నది జిప్ ఫైలైతే చిక్కు మొదలవుతుంది. చీటీ జిప్‌కు ఉంది కానీ లోపలి ఫైళ్లకు లేదు, అవి ఇంకా డిస్కు మీద పుట్టనే లేదు కదా. జిప్‌ను విప్పే ప్రోగ్రామే వాటిని ఒక్కొక్కటిగా తయారుచేసి, అదే చీటీని ప్రతిదానికీ అంటించాలి. విండోస్ ఆ పని చేస్తూనే వచ్చింది, కానీ ఒక సందర్భంలో తప్పింది.

జిప్‌లో ప్రతి ఫైలుకూ పేరు, పరిమాణం, తేదీతో పాటు లక్షణాలు కూడా నమోదై ఉంటాయి. వాటిలో ఒక బిట్టు (0 లేదా 1గా ఉండే అంకె) ‘రీడ్ ఓన్లీ’, అంటే చదవడమే తప్ప మార్చడానికి వీల్లేదు. విండోస్ ముందుగా ఫైలును సృష్టించి, ఆ బిట్టును అమలు చేసి, ఆ తర్వాత చీటీ రాయబోయేది. అప్పటికే ఫైలుకు రాత నిషేధం! రాయడం విఫలమయ్యేది, ఆ వైఫల్యాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. చీటీ లేని ఫైలు, స్థానికంగా పుట్టినదానిలా, ఏ హెచ్చరికా లేకుండా తెరుచుకునేది. భద్రతా లోపాల అంతర్జాతీయ జాబితా సీవీఈలో ‘సీవీఈ-2022-41049’గా నమోదైన ఈ లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2022 నవంబరులో సరిచేసింది.

2004లోనూ విండోస్ జిప్ ఫోల్డర్లలో ఒక లోపం బయటపడింది. అది పాతకాలపు బాపతు: కేటాయించిన మెమరీలో పట్టేంత డేటాయే వచ్చిందా అని సరిచూడకపోవడం. అలాంటివాటిని వెతికే పనిముట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. 2022 నాటిది అలా చిక్కే రకం కాదు. రీడ్ ఓన్లీని పాటించడం సరైనదే, చీటీ అంటించడమూ సరైనదే. తారుమారైంది వరస మాత్రమే. పైగా ఆ బిట్టు విలువను నిర్ణయించేది జిప్‌ను పంపిన అపరిచితుడు. నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడుంది. జిప్ విప్పడమంటే మూత తీయడం కాదు, ఎవరో రాసిపెట్టిన సూచనల ప్రకారం మన డిస్కు మీద ఫైళ్లు కట్టడం.

విడిగా దొరికే ప్రోగ్రాములూ ఇందుకు అతీతం కావు. సెవెన్-జిప్‌లో ఒక జిప్ లోపల మరో జిప్ పెడితే చీటీ లోపలిదాకా చేరేది కాదు; 24.09 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు.

మీ దగ్గరున్న ఫైలుకు చీటీ ఉందో లేదో చూడాలంటే ప్రాపర్టీస్ తెరవండి. ఉంటే అడుగున ‘అన్‌బ్లాక్’ అనే గడి కనిపిస్తుంది. అదే ఫైలును ఎన్‌టీఎఫ్‌ఎస్ కాకుండా ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే మాత్రం ఆ గడి ఉండదు, అక్కడ చీటీ పెట్టుకునే అరే లేదు.