పసుపు పూలు ఒకటే, పొదలు వేరు

దక్షిణ కాలిఫోర్నియాలో వసంతం వస్తే సముద్రం ఒడ్డున ఉన్న కొండవాలుల మీదా, లోపలి ఎడారిలోనూ పసుపు పూల పొదలు విరగబూస్తాయి. ఒడ్డున కనిపించేది ఎన్సీలియా కాలిఫోర్నికా. ఎడారిలో ఉండేది ఎన్సీలియా ఫారినోసా, వాడుకలో బ్రిటిల్‌బుష్. రెండూ పొద్దుతిరుగుడు కుటుంబంలో ఒకే ప్రజాతికి చెందిన దగ్గరి చుట్టాలు. పువ్వును మాత్రమే ఫొటో తీస్తే ఏది ఏదో చెప్పడం కష్టం.

చాలామంది ముందు పువ్వు మధ్యభాగం చూస్తారు. తీరం మొక్కకు అక్కడ ముదురు గోధుమ, ఊదా కలిసిన రంగు, ఎడారి మొక్కకు పసుపు. పనికొచ్చే గుర్తే, కాకపోతే ఎడారి మొక్కలోనే ఫీనికోడోంటా అనే రకానికి మధ్యలో ఊదా రంగు ఉంటుంది. రంగునే నమ్ముకుంటే అక్కడ బోల్తా పడతాం.

నన్నడిగితే ముందు కాడ చూడాలి. తీరం మొక్కకు ఒక్కో పొడవాటి కాడ చివర ఒకే పువ్వు. ఎడారి మొక్క కాడ ఆకుల గుబురు దాటి పైకి లేచి, పాయలు పాయలుగా చీలుతుంది. ప్రతి పాయ కొసనా ఒక పువ్వు. (మనం పువ్వు అంటున్నది నిజానికి బోలెడు చిన్న పూల గుంపు. చుట్టూ రేకుల్లా కనిపించేవి కూడా విడివిడి పూలే, కానీ ఎన్సీలియాలో అవి విత్తనం కట్టవు.) పూత అయిపోయినా కాడలు ఎండి నిలిచి ఉంటే ఈ గుర్తు పనిచేస్తుంది.

ఇక ఆకు. అసలు కథంతా ఇక్కడే ఉంది. తీరం మొక్క ఆకు పచ్చగా ఉంటుంది. ఎడారి మొక్క ఆకు పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది. భూతద్దం పెడితే ఆ తెలుపంతా ఒత్తుగా అల్లుకున్న సన్నని నూగు. అది ఎండను వెనక్కి కొట్టి ఆకు వేడెక్కకుండా కాపాడుతుంది. కానీ కిరణజన్య సంయోగక్రియకు కావలసిన వెలుతురు కూడా దాంతోపాటే పోతుంది. ఎలరింగర్, బ్యోర్క్‌మన్, మూనీ అనే పరిశోధకులు 1976లో ఈ రెండు మొక్కల్నే పోల్చి చూశారు. నూగు వల్ల ఎడారి మొక్క ఆకు పీల్చుకునే వెలుతురు, తీరం మొక్కతో పోలిస్తే 56 శాతం దాకా తగ్గుతుందని తేల్చారు. అంటే ప్రాణం దక్కించుకోవడానికి తిండి తగ్గించుకుంటోందన్నమాట. వానలు పడి నీళ్లు దొరికినప్పుడు వచ్చే ఆకులకు నూగు తక్కువ, ఎండలు ముదిరాక వచ్చేవాటికి ఎక్కువ. అందుకే వానల తర్వాత చూస్తే ఇదీ కాస్త పచ్చగానే కనిపించి తికమక పెడుతుంది.

పోనీ, ఎడారి మొక్కలన్నిటికీ తెల్ల ఆకేనా అంటే అదీ కాదు. ఎన్సీలియా ఫ్రూటిసెన్స్ ఎడారిలోనే ఉంటుంది, ఆకు మాత్రం పచ్చగా, గరుగ్గా ఉంటుంది. అది ఎక్కువగా వాగుల పక్కన పెరుగుతుంది. నీళ్లు అందుతాయి కాబట్టి ఆవిరి వదిలి ఆకును చల్లబరుచుకుంటుంది. దీన్ని పోల్చుకోవడం సులువు, పువ్వు చుట్టూ రేకులే ఉండవు. ఎన్సీలియా ఆక్టోనై మాత్రం కాస్త చిక్కే: ఆకు బూడిద రంగు, పువ్వు మధ్య పసుపు, కానీ కాడకు ఒకటే పువ్వు.

వీటన్నిటికీ తోడు, ఈ చుట్టాలు సులువుగా సంకరమవుతాయి, పుట్టిన మొక్కలూ విత్తనం కడతాయి. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా తీరంలో ఇసుక దిబ్బల మీద పీలికల్లాంటి సన్నని ఆకులున్న ఎన్సీలియా వెంటోరమ్, దిబ్బలు దాటాక మైదానంలో వెడల్పాకుల ఎన్సీలియా పాల్మెరీ ఉంటాయి. రెంటికీ మధ్య సన్నటి పట్టీలో వాటి సంకరాలు పెరుగుతాయి. అవి ఇటు దిబ్బల మీదా, అటు మైదానంలోనూ నెగ్గుకురాలేవు. అందుకే ఇంతగా కలిసిపోతున్నా ఆ రెండు జాతులూ ఇప్పటికీ వేర్వేరుగానే మిగిలాయి.