బేస్‌బాల్‌లో డబ్బు ఏం కొంటుంది?

1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు గెలిచినవాటికన్నా ఓడిన ఆటలే ఎక్కువ. అదే 1993లో మొదలుపెట్టి 2025 దాకా చూస్తే, న్యూయార్క్ యాంకీస్‌కు అలాంటి సీజన్ ఒక్కటీ లేదు. రెండూ అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ జట్లే. పైరేట్స్ యాజమాన్యం చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. కానీ తప్పు చేసి తట్టుకోగల స్తోమత ఎవరికుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఐపీఎల్‌లో అన్ని జట్లకూ ఒకే పర్సు: 2025 సీజన్ మెగా వేలానికి 120 కోట్ల రూపాయలు. మేజర్ లీగ్‌లో అలాంటి గట్టి పరిమితి లేదు. జీతాల మొత్తం ఒక గీత దాటితే పన్ను కట్టాలి, అంతే. 2025లో ఆ గీత 24.1 కోట్ల డాలర్లు. కట్టగలిగినవాళ్లు కట్టి ముందుకు పోతారు. జట్లన్నీ తమ స్థానిక ఆదాయంలో 48 శాతం ఒక్కచోట పోసి సమంగా పంచుకుంటాయి, నిజమే. అయినా లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2013లో కుదుర్చుకున్న 25 ఏళ్ల టీవీ ఒప్పందం విలువ 835 కోట్ల డాలర్లు. చిన్న ఊరి జట్టు అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఈ వ్యవస్థను సమర్థించేవాళ్ల దగ్గర ఒక వాదన ఉంది. 2000లో యాంకీస్ వరసగా మూడోసారి లీగ్ కప్పు గెలిచాక, 2025లో డాడ్జర్స్ మళ్లీ గెలిచేదాకా, ఏ జట్టూ రెండేళ్లు వరసగా కప్పు నిలబెట్టుకోలేదు. అంటే పోటీ బాగానే ఉందిగా అంటారు. నాకు ఈ వాదన నచ్చదు, ఎందుకంటే ఇది లెక్కల్లో నిలబడదు.

ఒక్కో ఆటలో గెలిచే అవకాశం 55 శాతం ఉన్న జట్టును తీసుకోండి. 162 ఆటల సీజన్‌లో అది సగటున 89 గెలుస్తుంది. అదే జట్టు ఏడు ఆటల సిరీస్ గెలిచే అవకాశం దాదాపు 61 శాతమే. ప్లేఆఫ్స్‌లో అలాంటి చిన్న సిరీస్‌లు మూడు గెలవాలంటే అవకాశం 22 శాతానికి దిగిపోతుంది. ప్రత్యర్థులందరికన్నా మెరుగైన జట్టు కూడా అయిదేళ్లలో నాలుగేళ్లు ఉత్త చేతులతో ఇంటికి పోవచ్చు. యాంకీస్ సంగతే చూడండి, 2009 తర్వాత ఒక్క కప్పూ లేదు.

కాబట్టి జట్ల మధ్య సమతూకాన్ని కొలవాల్సింది సుదీర్ఘ సీజన్‌లో. ఆర్థికవేత్తలు రోజర్ నాల్, జెరాల్డ్ స్కల్లీ చూపిన దారి అదే. జట్లన్నీ సమానమై, ఫలితాలు నాణెం ఎగరేసినట్టు వస్తే, మూడింట రెండు వంతుల జట్లు 75 నుంచి 87 విజయాల మధ్యే ఉండాలి. వాస్తవంలో అంతకన్నా చాలా ఎక్కువ చెదురుతాయి. ఆ చెదురు అంతా డబ్బు వల్లేనని అనలేం. 2025లో అందరికన్నా ఎక్కువగా 97 ఆటలు గెలిచింది చిన్న మార్కెట్ జట్టు మిల్వాకీ బ్రూవర్స్. 2023లో జీతాల్లో రికార్డు సృష్టించిన న్యూయార్క్ మెట్స్ 75 మాత్రమే గెలిచింది. అయితే మెట్స్ మరుసటి ఏడాదే ప్లేఆఫ్స్‌కు చేరి, ఆ శీతాకాలంలో హువాన్ సోటోతో 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అలాంటి దెబ్బ నుంచి చిన్న జట్టు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

చిన్న జట్లను నిలబెట్టేది ఒక్క నిబంధన. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆటగాడు తనంతట తాను జట్టు మారలేడు. పైరేట్స్ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) పాల్ స్కీన్స్ 2025లో పది లక్షల డాలర్లలోపు జీతానికి ఆడి, ఫీల్డింగ్ తప్పుల వల్ల వచ్చినవి తీసేస్తే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.97 పరుగులే ఇచ్చి, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచర్‌గా సై యంగ్ అవార్డు అందుకున్నాడు. అయినా అతని ఖాతాలో 10 గెలుపులు, 10 ఓటములు. అతను బంతి వేసిన రోజున కూడా పరుగులు చేసే బ్యాటర్లను ఆ జట్టు కొనుక్కోలేదు. 2029 సీజన్ ముగిస్తే స్కీన్స్ తనకు నచ్చిన చోటికి వెళ్లొచ్చు.

లీగ్‌కు ఆటగాళ్ల సంఘంతో ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1న ముగుస్తుంది. జీతాల మొత్తానికి పై పరిమితి పెట్టడం గురించి అందరూ మాట్లాడుతున్నారు. నన్నడిగితే, ప్రతి జట్టూ కనీసం ఇంత ఖర్చు పెట్టి తీరాలన్న కింది గీత ముందు రావాలి. లేకపోతే పంచిన డబ్బు మైదానందాకా రాకుండా యజమానుల దగ్గరే ఆగిపోతుంది.