నడిచే దారుల గురించి అపోహలు – వాస్తవాలు: కడప నుంచి ఒక ఆర్కిటెక్టు మాట

కడపలో ఇళ్లకూ దుకాణాలకూ ప్లాన్లు గీయడం నా వృత్తి. ప్లాను మీద మొదలైన మాట చాలాసార్లు ఇంటి ముందరి వీధి మీదికి మళ్లుతుంది. అప్పుడు వినిపించే అభిప్రాయాలలో కొన్ని ఎంత లోతుగా నాటుకున్నాయంటే, టేపు పెట్టి కొలిచి చూపినా కదలవు.

అపోహ: రాయలసీమ ఎండలో నడిచేదెవరు? ఫుట్‌పాత్‌కు పెట్టే డబ్బు దండుగ.

వాస్తవం: ఎండ తీవ్రత నిజమే గానీ, మనిషిని నడవనివ్వనిది ఎండా, నీడ లేకపోవడమా అన్నది విడదీసి చూడాలి. కడప సుమారు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ చివరి రోజుల్లోనూ, మళ్లీ ఆగస్టు రెండో వారం ప్రాంతంలోనూ సూర్యుడు మిట్టమధ్యాహ్నం నడినెత్తి మీదికి వస్తాడు. ఆ వేళ ఎంత ఎత్తయిన భవనమైనా వీధికి నీడనివ్వలేదు. చెట్టో, ముందుకు చాచిన సజ్జో, వసారానో ఉండాలి. మూడు గంటలు దాటేసరికి సూర్యుడు ఇంచుమించు 45 డిగ్రీలకు దిగుతాడు, అంటే గోడ ఎంత ఎత్తో నీడ అంత పొడవు. ఉత్తర దక్షిణాలుగా సాగే 9 మీటర్ల వీధిలో పడమటి వైపు 7 మీటర్ల మిద్దెలు వరుసగా ఉంటే వీధిలో ముప్పాతిక భాగానికి పైగా నీడ పడుతుంది. అవే మిద్దెలు 30 మీటర్ల రోడ్డు పక్కన ఉంటే నాలుగో వంతు కూడా పడదు. తూర్పు పడమరలుగా సాగే వీధికి వేసవిలో గోడల నీడ దాదాపు అందదు కాబట్టి అక్కడ చెట్లే దిక్కు. పాత వీధులను ఇరుకని తిట్టుకుంటాం గానీ, మే నెలలో నాలుగింటికి ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల సందులలో నడిచి, ఆ వెంటనే ఊరి బయటి వెడల్పాటి రోడ్డు మీద నడిచి చూసినవారికి తేడా వేరే చెప్పనక్కరలేదు.

పరిచే రాయి విషయంలో ఒక మాట. కడప బండ నల్లని సున్నపురాయి. వంటింటి గట్టుకు అంతకంటే మంచిది లేదని నేనే చెబుతాను. నునుపు పట్టించి దారిలో పరిస్తే మాత్రం ఎండకు కాలుతుంది, వానకు జారుతుంది. ఉలితో గరుకు చేయిస్తే జారుడు తగ్గుతుంది గానీ వేడి తగ్గదు; అందువల్ల నీడ ఉన్న చోటే దానిని వాడాలి.

అపోహ: ఫుట్‌పాత్ ఎంత ఎత్తుగా ఉంటే అంత భద్రం.

వాస్తవం: దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన పాదచారుల మార్గదర్శకాలు ఈ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదనీ, అడ్డంకి లేని వెడల్పు నివాస వీధుల్లో కనీసం 1.8 మీటర్లు, వ్యాపార వీధుల్లో 2.5 మీటర్లు ఉండాలనీ చెప్పాయి. మన ఊళ్లలో ఫుట్‌పాత్ అంటే చాలా చోట్ల మురుగు కాలువ మీద కప్పిన బండలే. పాత తారు తవ్వకుండా దాని మీదే కొత్త పొర వేసిన ప్రతిసారీ రోడ్డు లేస్తుంది, దానితో పోటీగా కాలువ గోడ లేస్తుంది, నీళ్లు లోపలికి వస్తాయని దుకాణాల అరుగులూ లేస్తాయి. చివరికి నడిచేవాడు ప్రతి గుమ్మం దగ్గరా ఎక్కి దిగలేక రోడ్డు మీదికే వస్తాడు. చక్రాల కుర్చీకి 1:12 వాలు కావాలి. 150 మిల్లీమీటర్ల ఎత్తుకైతే 1.8 మీటర్ల పొడవు సరిపోతుంది, 450 అయితే 5.4 మీటర్లు కావాలి, అంత చోటు ఏ వీధిలోనూ దొరకదు. వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనూ ఒక దుకాణానికి మూడడుగుల ఎత్తు అరుగు వేయించి, మెట్లను ఫుట్‌పాత్ మీదికి దించాను. ఆ దారిన వెళ్లిన ప్రతిసారీ తల తిప్పుకుంటాను. గడప అనే మాటలోంచే పేరు పుట్టిందని చెప్పుకునే ఊళ్లో, గడప దాటడం ఇంత కష్టం కాకూడదు.

అపోహ: తోపుడు బండ్లను తీసేస్తే నడకకు చోటు దొరుకుతుంది.

వాస్తవం: ఆ చోటు మరునాటికి మోటారు సైకిళ్ల పాలవుతుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం జనాభాలో 2.5 శాతం మేరకు వ్యాపారులకు చోటు కల్పించాలంటోంది. బండ్లకు గీత గీసి, నడక దారిని విడిగా ఉంచితే ఇద్దరికీ సరిపోతుంది.

అపోహ: రైల్వే గేటు మూసి వంతెన కడితే అందరి ఇబ్బందీ తీరుతుంది.

వాస్తవం: గేటు దగ్గరి ప్రమాదాలూ నిరీక్షణా తగ్గుతాయి, దానిని కాదనను. అయితే విద్యుత్ తీగలున్న పట్టాల మీద వంతెన అడుగు భాగం సుమారు ఆరున్నర మీటర్ల ఎత్తులో ఉండాలి. దూలాల మందం కలిపితే రోడ్డు ఎనిమిది మీటర్లకు చేరుతుంది. 1:30 వాలుతో అంత ఎత్తు ఎక్కడానికి ఒక్కొక్క వైపు 240 మీటర్లు పడుతుంది. అంటే, నాలుగు పట్టాల అవతల ఉన్న కూరగాయల అంగడికి వెళ్లవలసిన ఇల్లాలు అర కిలోమీటరు చుట్టి, రెండంతస్తుల ఎత్తు ఎక్కి దిగాలన్నమాట. అందుకే వంతెన వచ్చాక కూడా జనం కట్ట దాటుతూనే ఉంటారు. అలా దాటినందుకు రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు గానీ, వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉండవచ్చు; కానీ శిక్ష వల్ల దారి దగ్గర కాదు.

నడిచేవారి కోసం గేటు ఉన్న చోటే చిన్న సొరంగ మార్గం వేయవచ్చు. మనిషికి రెండున్నర మీటర్ల తల ఎత్తు చాలు కాబట్టి పైకప్పు మందంతో కలిపి దిగవలసిన లోతు వంతెన ఎత్తులో సగమే ఉంటుంది. వానకు అది నిండిపోతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకు ప్రవేశం దగ్గర నేలను రోడ్డు కంటే 150 మిల్లీమీటర్లు లేపి రెండు వైపులా వాలు ఇవ్వాలి, దిగే దారి మొత్తానికి కప్పు వేయాలి, అడుగున సంపు, పంపు పెట్టాలి, ఆ పంపుకు కరెంటు పోయినా నడిచే ఏర్పాటు ఉండాలి. ఇవన్నీ మొదటి అంచనాలోనే చేర్చమని నేను అడుగుతాను, ఎందుకంటే తర్వాత చేరుద్దామనుకున్న పంపు ఎప్పటికీ చేరదు.