పెట్టె పద్యాన్ని మింగేస్తాంది

ప్రొద్దుటూరు

చిరంజీవులైన పిల్లలకు,

తాత ఆశీర్వదించి రాయునది. మీరు పియానో వాయించి నెట్‌లో పెట్టిన మూడు వీడియోలనూ, వాటిని విన్నవారు కింద రాసిన మాటలనూ మీ నాన్న ఫోనులో చూశాను. "ఒక నిమిషం నలభై రెండు సెకన్ల దగ్గర ఎడమ చెయ్యి గోలగా ఉంది" అని ఒకాయన రాసినందుకు పెద్దది రెండు రోజుల పాటు పియానో మీద కప్పిన గుడ్డ తీయలేదనీ, చిన్నవాడు ఆయనకు ఘాటుగా జవాబు రాయబోతే మీ అమ్మ ఫోను లాక్కుందనీ తెలిసింది. పియానోలో మీకు నేర్పగలిగిన విద్య నా దగ్గర లేదు. పద్యనాటకాలకు హార్మోనియం పెట్టె వాయించినవాణ్ణి నేను. అయితే విన్నవాళ్ల చేత మాట పడటంలో మాత్రం నాకు ముప్ఫై ఏళ్ల అనుభవం ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

1885లో మన జిల్లాలోని సురభి గ్రామంలో నాటక సమాజం పుట్టిన నాటి నుంచీ ఈ సీమలో నాటకం చూసేవాడు నోరు కట్టుకుని కూర్చున్నది లేదు. పద్యం నచ్చితే వన్స్‌మోర్ అంటాడు, నచ్చకపోతే ఈల వేస్తాడు, మరీ విసుగు పుడితే దుప్పటి దులుపుకుని ఇంటికి పోతాడు. ఒకసారి జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్లో తెల్లవార్లూ నాటకం ఆడి, పొద్దున టీ బంకు దగ్గర నిలబడి ఉండగా ఒక ముసలి రైతు నా దగ్గరకు వచ్చి, "సామీ, రాగం బాగనే పట్టినావు గానీ, నీ పెట్టె పద్యాన్ని మింగేస్తాంది" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్వరజ్ఞానం లేని మనిషి నాకు చెప్పొచ్చాడే అనుకున్నాను. అయినా మాట మనసులో ముల్లులా మిగిలిపోయింది. తరువాతి మూడు నాటకాల్లోనూ గాలి తగ్గించి మెల్లగా వాయిస్తే, కృష్ణుడి పాత్రధారి శ్రుతి అందడం లేదని నా మీద మండిపడ్డాడు. చివరికి ఒక మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని పెట్టెను పరీక్షిస్తే సంగతి బయటపడింది. కప్లర్ అనే మరను లాగి ఉంచితే మనం ఒక మెట్టు నొక్కినప్పుడు దానితోపాటు మరో స్థాయిలోని అదే స్వరం కూడా తనంతట తాను మోగుతుంది. నిండుగా ఉంటుందని నేను దాన్ని ఎప్పుడూ లాగే ఉంచేవాణ్ణి. పద్యం వినపడకుండా చేస్తున్నది నా చేతి బలం కాదు, నేను అడగకుండానే మోగుతున్న ఆ రెండో స్వరం. ఆ రైతుకు కప్లర్ పేరు తెలియదు, తెలియవలసిన పని కూడా లేదు. తన చెవిన పడినదాన్ని అతను ఉన్నదున్నట్లు చెప్పాడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం వాయించేవాడి పని, ఆ పని నేను మూడు నాటకాల పాటు చేయలేదు.

ఇప్పుడు మీ ఎడమ చేతి సంగతికి వస్తాను. ఆ వీడియోను హెడ్‌ఫోన్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను. మొదట నాకు అనుమానం వచ్చింది ఫోను మీద. మీ డిజిటల్ పియానో ఎడమవైపు స్పీకరుకు జానెడు దూరంలో స్టూలు వేసి, ఫోనును దాని మీద నిలబెట్టారు. ఇక మన ఇంటి నేల చూస్తే కడప బండలు, గోడలు ఉత్తవి, గదిలో చాప కూడా లేదు. బండ మీద పడిన శబ్దం ఇంకకుండా ఎగిరి వచ్చి మళ్లీ మైకులో పడుతుంది. దీనికి తోడు, ఫోను ప్రధానంగా మాటల కోసం చేసిన వస్తువు. మెల్లగా మాట్లాడేవాడి గొంతును పెంచి, అరిచేవాడి గొంతును తగ్గించి, ఇద్దరినీ ఒకే మట్టానికి తెచ్చే ఏర్పాటు దాని మైకు వెనుక ఉంటుంది. ఫ్యాను మోత లాగా ఎడతెగకుండా వచ్చే చప్పుడును తుడిచేసే ఏర్పాటు కూడా ఉంటుంది. మాటలకు ఇవి రెండూ మేలే చేస్తాయి, పియానోకు మాత్రం చెరుపు. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో క్రిస్టోఫోరి అనే వాద్యాల తయారీదారు ఈ వాద్యాన్ని తయారు చేసిందే వేలి ఒత్తిడిని బట్టి స్వరం మెల్లగానూ బిగ్గరగానూ పలకడం కోసం. అంతకు ముందున్న హార్ప్సికార్డ్ అనే మెట్ల వాద్యంలో ఎంత గట్టిగా నొక్కినా దాదాపు ఒకే ధ్వని వచ్చేది. ఫోను ఆ తేడాను చదును చేసిందంటే, మూడు వందల ఏళ్ల పనిని వెనక్కు తిప్పినట్టే. మీ రెండో వీడియో కింద ఒకావిడ "అంతా ఒకే తీరుగా ఉంది, భావం పలకలేదు" అని రాసిందే, అందులో చాలా వరకు ఈ ఫోను చేసిన పనేనని నా నమ్మకం.

అలాగని నేరమంతా ఫోను మీదికి తోసి చేతులు దులుపుకోవద్దు. నాలుగోసారి విన్నప్పుడు చెయ్యిని వదిలిపెట్టి పెద్దదాని పాదాన్ని చూశాను. వీడియోలో బొటనవేలు, పెడల్ అంచు కనిపిస్తున్నాయి. అసలు పియానోలో తీగల మీద ఆనుకుని ఉండే మెత్తలు కుడి పెడల్ తొక్కగానే పైకి లేచి, వాయించిన స్వరాలన్నీ వాటంతట అవి అణగిపోయే దాకా మోగనిస్తాయి. మీ డిజిటల్ పియానో అనుకరించేది దాన్నే. కొత్త స్వరసముదాయం వేళ్ల కింద మోగిన క్షణంలోనే పాదం లేవాలి, వెంటనే మళ్లీ దిగాలి. ఒకటి నలభై రెండు దగ్గర ఎడమ చెయ్యి కొత్త చోటికి పోయింది, పాదం మాత్రం లేవలేదు. పాత మంద్రస్వరాలు పోకముందే కొత్తవి వచ్చి పడి, రెండూ కలిసి కడప బండల మీద గుడగుడలాడాయి. ఆ రాసినాయన ఎడమ చెయ్యి అన్నది నిజానికి నీ కుడి కాలు తల్లీ. నా కప్లర్ కథే నీ పెడల్‌లో మళ్లీ జరిగింది.

ఆయన నిమిషం, సెకను చెప్పి మరీ రాశాడని గమనించండి. అంత శ్రద్ధగా విన్నవాడు దొరకడం అదృష్టం. ఆయనకు ఇలా రాయండి: "మీరు చెప్పిన చోట మళ్లీ విన్నాము. మేము పెడల్ ఆలస్యంగా వదిలినందువల్ల కింది స్వరాలు కలిసిపోయాయి. ఫోను కూడా ఎడమవైపు ఉంది. సరిచేసుకుని మళ్లీ వాయిస్తాము." ఇందులో మొదట మీ పొరపాటు, తరువాతనే ఫోను. ఈ వరుస తిరగబడితే అది సంజాయిషీ లాగా వినిపిస్తుంది. సరిచేశాక పాత వీడియోను తీసివేయవద్దు. గ్లెన్ గూల్డ్ అనే కెనడా పియానో విద్వాంసుడు 31 ఏళ్ల వయసులో, 1964లో కచేరీలు మానేసి రికార్డింగుకే అంకితమయ్యాడు. జర్మన్ స్వరకర్త బాఖ్ రచించిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ అనే రచనను ఆయన 1955లో ఒకసారి, 1981లో మరొకసారి రికార్డు చేశాడు. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది సుమారు 51 నిమిషాలు. రెండూ ఈనాటికీ నిలిచి ఉన్నాయి కాబట్టే ఒకే మనిషి ఒకే రచనను ఎంత వేరుగా విన్నాడో మనకు తెలుస్తోంది.

"సూపర్", "చాలా బాగుంది" అన్నవారికి ఒక్క ధన్యవాదం చాలు. తిట్టినవారికి జవాబే వద్దు. ఉచితంగా పాఠాలు చెబుతాను, ఫోను నంబరు ఇవ్వండి అని ఎవరైనా రాస్తే, ఆ మాట మీ అమ్మకు చూపించేదాకా ఇంకో పని ముట్టుకోవద్దు. బడి యూనిఫాంతో వీడియో తీయడం కూడా మానుకోండి.

ఇక మూడో వీడియో కింద ఒక పెద్దాయన, "పియానో మీద కీర్తన ఏమిటి, గమకం లేని సంగీతం సంగీతమా" అని రాశారు. గమకం అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం. ఈ మాట నాకూ తగిలింది. ఇదే కారణం చెప్పి 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని తన ప్రసారాల నుంచి వెలివేసింది, 1971 దాకా తలుపు తెరవలేదు. నా గురువుల తరం ఆ అవమానంతోనే బతికింది. అయినా ఆయన మాటలో నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. పియానోలో ఒక స్థాయిని, అంటే స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని, పన్నెండు సమాన భాగాలుగా కోసి పెట్టారు. వీణ మీద తీగను పక్కకు లాగి ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారినట్లు ఇక్కడ జారడానికి వీలు లేదు. మీరు తోడి రాగం ఎత్తుకున్నారు, గమకమే ప్రాణమైన రాగం అది. పట్టుదలకు పోకుండా, "నిజమేనండీ, గమకం పలకదు, స్వరాల నడకను మాత్రమే చూపగలిగాము" అని రాసి, ఈసారి శంకరాభరణంలో వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితార్ నొట్టుస్వరం ఒకటి తీసుకోండి. మద్రాసులో విన్న ఇంగ్లీషు బ్యాండు బాణీలకు ఆయన సాహిత్యం కట్టిన రచనలు అవి, పియానో మీద హాయిగా ఒదుగుతాయి. ఆ పెద్దాయనకే దాన్ని ముందుగా వినిపించి, ఎలా ఉందో అడగండి.

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర బస్సుకు బయలుదేరి నేను కడపకు వస్తున్నాను. నాటకాల నాటి జంపఖానా ఒకటి ఇంకా చిరగకుండా ఉంది, దాన్ని పియానో కింద పరుద్దాం. ఫోనును మనిషి కూర్చున్న ఎత్తులో, ఎదురుగా రెండు బారల దూరంలో పెడదాం. ఫ్యాను ఆపవలసి ఉంటుంది కాబట్టి ఎండ ఎక్కకముందే పని ముగించాలి. మీ జేజి ఏడింటికల్లా వంటింట్లో రోలు దగ్గర కూర్చుంటుంది, ఆమెను ఆపడం నా వల్ల కాదు.

ఇట్లు,
మీ తాత