పదేళ్లలోపు పిల్లల సాఫ్ట్‌బాల్: పొజిషన్ల మీద అపోహలు - వాస్తవాలు

అమెరికాలో పదేళ్లలోపు అమ్మాయిల సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) టీమ్‌కి కోచింగ్ చేస్తాను, టీమ్‌లో మన తెలుగు పిల్లలు కూడా ఉన్నారు. సీజన్ మొదలైందంటే పేరెంట్స్ అడిగేవన్నీ పొజిషన్ల (ఎవరు ఎక్కడ నిలబడాలి) గురించే, అందుకే ఇవి ఒకచోట రాస్తున్నా.

అపోహ: రైట్ ఫీల్డ్‌లో (బ్యాటర్ నుంచి చూస్తే కుడివైపు, బేస్‌ల వెనకాల) పెట్టారంటే మా పాపకి ఆట రాదని.

అస్సలు కాదండీ. ఈ వయసులో చాలామంది కుడిచేతి బ్యాటర్లు బ్యాట్ లేటుగా తిప్పుతారు, దాంతో బాల్ అటువైపే పోతుంది. పైగా షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్) ఫస్ట్ బేస్‌కి (బ్యాటర్ కొట్టాక మొదట పరిగెత్తి చేరాల్సిన చోటు) విసిరిన ప్రతిసారీ రైట్ ఫీల్డర్ పరిగెత్తుకొచ్చి వెనకాల బ్యాకప్ నిలబడాలి, త్రో చేజారి కంచె దాకా దొర్లిందంటే రన్నర్ (బేస్‌ల మీద పరిగెత్తే పిల్ల) ఈజీగా థర్డ్ బేస్ దాకా పోతుంది, అదే అక్కడ మన పాప ఉంటే రన్నర్ ఆగిపోతుంది. ప్రాక్టీస్‌లో నేను కావాలనే ఫస్ట్ బేస్ మీదుగా బాల్స్ విసిరి రైట్ ఫీల్డర్‌తో ఆపిస్తాను, ఆపిన ప్రతిసారీ మిగతా పిల్లలంతా పేరు పెట్టి అరుస్తారు, ఆ పిల్ల మొహం అప్పుడు చూడాలి.

అపోహ: అందర్నీ అన్ని చోట్లా సమానంగా తిప్పితేనే న్యాయం.

దీనికి నేను ఒప్పుకోను. ఫస్ట్ బేస్‌కి త్రోలు గట్టిగా వస్తాయి, క్యాచ్ ఇంకా రాని పిల్లని అక్కడ పెడితే మొహానికి తగులుతుంది. పిచ్చర్ (బ్యాటర్‌కి బాల్ వేసే పిల్ల) విసిరేది 35 అడుగుల నుంచి, గట్టిగా కొట్టిన బాల్ తిరిగొస్తే తప్పుకునే టైమే ఉండదు, ఫేస్ మాస్క్ ఉన్నా సరే. అలాగని "నీకు రాదు" అని వదిలేయకూడదు, దారి చెప్పాలి: నేను విసిరే పది త్రోల్లో ఎనిమిది పట్టుకో, వచ్చే మ్యాచ్‌లో ఒక ఇన్నింగ్స్ ఫస్ట్ బేస్ నీదే.

అపోహ: పొజిషన్లు తిప్పితే ఓడిపోతాం.

ఈ వయసులో మ్యాచ్‌లు చేజారేది ఎక్కువగా వాక్స్ (పిచ్చర్ గురి తప్పితే బ్యాటర్‌కి ఊరికే ఫస్ట్ బేస్ దక్కడం) వల్ల, అడ్డదిడ్డం త్రోల వల్ల. ఒక్క పిచ్చర్‌నే నమ్ముకుంటే ఆ పాపకి జ్వరమొచ్చిన శనివారం ఏం చేస్తాం? లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ నడిపే సంస్థ) రూల్ అయితే ప్రతి పిల్లకీ కనీసం ఆరు అవుట్లు (అంటే రెండు ఇన్నింగ్స్) ఫీల్డింగ్, ఒకసారి బ్యాటింగ్ ఇవ్వమంటుంది, నేను అక్కడితో ఆగను, ఎవరూ వరసగా రెండు ఇన్నింగ్స్ బెంచ్ మీద ఉండకుండా చార్ట్ రాసి ముందురోజే గ్రూప్‌లో పెట్టేస్తా.

అపోహ: ఎడమచేతి వాటమైతే ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల దగ్గరి పొజిషన్లు) దండగ.

షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్ కొంచెం కష్టం, నిజమే. ఫస్ట్ బేస్‌కి మాత్రం లాభమే, గ్లోవ్ కుడిచేతికి ఉంటుంది కాబట్టి.

అపోహ: పాపకి ఏది ఇష్టమో మాకు తెలుసు.

సీజన్ మొదట్లో పిల్లలచేత ఇష్టమైన మూడు పొజిషన్లు కాగితం మీద రాయిస్తాను, పేరెంట్స్ పక్కన లేకుండా. పిచ్చింగ్ క్లాసులకి వెళ్లే పిల్ల కూడా క్యాచర్ (బ్యాటర్ వెనకాల ఉండి బాల్ పట్టుకునే పొజిషన్) అని రాస్తుంది, ఎందుకమ్మా అంటే "ప్రతి బాల్ నా దగ్గరికే వస్తుంది కదా" అంటుంది. ఇక మీరు ఏదైనా అడగాలంటే మ్యాచ్ మధ్యలో డగౌట్ (టీమ్ కూర్చునే చోటు) దగ్గరికి రావద్దు ప్లీజ్, మర్నాడు మెసేజ్ పెట్టండి, పాప ఏం నేర్చుకుంటే ఆ పొజిషన్ వస్తుందో వివరంగా చెప్తాను.