ఆకు గుచ్చితే మొక్క వచ్చేస్తుందా? ఇంటి మొక్కల మీద అపోహలు - వాస్తవాలు

కడియం చుట్టుపక్కల నర్సరీల్లో మొక్క కొన్నవాళ్ళు కారెక్కేముందు అడిగే ఆఖరి మాట ఒకటే. "వారానికి ఎన్నిసార్లు నీళ్ళు పోయాలండీ?" రెండుసార్లు అని చెప్పేస్తే వాళ్ళకీ హాయి, మాకూ హాయి. కానీ చాలా మొక్కలు పోయేది ఆ అంకెని నమ్ముకునే. నర్సరీ పనిలో ఉన్నందుకు రోజూ చెవిన పడే ఇలాంటి మాటలు కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: నర్సరీలో రోజూ నీళ్ళు పెడతారు, ఇంట్లోనూ అలాగే పెట్టాలి.

మా దగ్గర మొక్క షేడ్‌నెట్ కింద, నాలుగు వైపులా గాలాడే చోట, చిన్న కవర్లో ఉంటుంది. నెట్ నీడంటే చీకటి కాదు. మీ హాల్లో ఉండే వెలుతురు కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. పొద్దున్న తడిపిన కవరు సాయంత్రానికి తేలికైపోతుంది. అదే మొక్క టీవీ పక్కన స్టాండెక్కాక నీళ్ళు తాగడం బాగా తగ్గిస్తుంది. మనం మాత్రం పోస్తూనే ఉంటాం. మట్టిలో గాలి ఉండాల్సిన సందుల్లో నీళ్ళు నిలబడితే వేరుకి ఊపిరాడదు, కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు లాగలేదు కాబట్టి ఆకులు వాడతాయి. వాడిన ఆకుని చూసి "అయ్యో, దాహంగా ఉన్నట్టుంది" అని ఇంకో చెంబు పోస్తాం. ఇక దాని పని అయిపోయినట్టే.

రోజులు లెక్కపెట్టకండి. తడిపిన వెంటనే ఒకసారి, మూడు రోజులాగి ఇంకోసారి కుండీ ఎత్తి చూడండి. బరువులో తేడా చేతికే తెలుస్తుంది. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) పైకి ఎండినట్టు కనపడి, లోపల పిండితే నీళ్ళు కారేంత తడిగా ఉంటుంది. అందుకే వేలు లోపలికి గుచ్చి చూడమంటాను. ఇంకో మాట. "ఇండోర్ మొక్క" అని ప్రత్యేకంగా ఒక జాతేమీ లేదు. అడవిలో పెద్ద చెట్ల నీడన పెరిగే మొక్కల్ని ఇంట్లోకి తెచ్చుకుని ఆ పేరు పెట్టుకున్నాం, అంతే. కిటికీ దగ్గర చోటు లేకపోతే రెండు జతలు పెట్టుకుని, వారం లోపల, వారం బాల్కనీ నీడలో మార్చుకోవడం మేలు.

అపోహ: ఏ ఆకు గుచ్చినా మొక్క వస్తుంది.

ఈ నమ్మకం రణపాల వల్ల వచ్చిందని నా అనుమానం. దాని ఆకు అంచు గంట్లలో మొగ్గలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఆకు తెంపి నేల మీద పడేస్తే చాలు, అంచు పొడవునా బుల్లి మొక్కలు లేస్తాయి. అది చూసినవాళ్ళు మనీప్లాంట్ ఆకు, కలబంద మట్ట కూడా తెచ్చి పాతేస్తారు.

మనీప్లాంట్ ఆకుని కాడతో సహా నీళ్ళ గ్లాసులో పెట్టి చూడండి. వేళ్ళు వస్తాయి, ఆకు నెలల తరబడి పచ్చగానే ఉంటుంది, తీగ మాత్రం రాదు. చిగురు పుట్టే మొగ్గ ఆకులో లేదు, ఆకు కాడ తీగని అంటుకున్న కణుపులో ఉంది. అక్కడే గోధుమరంగు బొడిపె ఒకటి కనపడుతుంది, అది గాలివేరు మొదలు. కణుపుకి కాస్త కింద కత్తిరించి, బొడిపె మునిగేలా, ఆకు మునగకుండా నీళ్ళలో పెడితే సరిపోతుంది. హార్మోన్ పొడి అక్కర్లేదు. తేనె, దాల్చినచెక్క రాయమని వీడియోల్లో చెబుతుంటారు గానీ అవి వేళ్ళు పుట్టించే హార్మోన్లు కావు. ఆ పని చేసేవి ఐబీఏ లాంటి ఆక్సిన్లనే హార్మోన్లు. అవి కూడా కాగితంపూల కొమ్మలాంటి గట్టి కర్రకే ఎక్కువ ఉపయోగం.

కలబంద మట్ట పాతితే కుళ్ళుతుంది. దానికి పిలకలే దిక్కు.

స్నేక్ ప్లాంట్ సంగతి వేరే. ఆకుని మూడంగుళాల ముక్కలుగా కోసి, కోసిన చోటు ఎండేదాకా నీడలో ఉంచి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో గుచ్చితే వేళ్ళు వస్తాయి. కొన్ని నెలలకి పక్కన పిలక పొడుచుకొస్తుంది. ఏ కొస కింద ఉండేదో అదే కిందకి పెట్టాలి, తిరగేస్తే రాదు. ఇక్కడో చిక్కుంది. పసుపు అంచు రకం ఆకుతో పెంచితే పిలక పచ్చగానే వస్తుంది, అంచు ఉండదు. "నర్సరీవాళ్ళు మోసం చేశారు" అంటారు. మోసం కాదండీ. ఆ ఆకులో అంచు కణాలు వేరు, మధ్య కణాలు వేరు, రెండూ పక్కపక్కనే పెరుగుతుంటాయి. ముక్క నుంచి కొత్తగా పుట్టే పిలకలో ఆ అమరిక ఉండదు. పసుపు అంచు కావాలంటే కుండీ బోర్లించి, దుంపని ఒక్కో భాగానికి ఒక్కో ఆకుగుత్తి ఉండేలా కోసి నాటుకోవాలి.

జెడ్‌జెడ్ మొక్క చిన్న రెబ్బ కూడా మొక్కవుతుంది. ముందు మట్టిలో బటాణీగింజంత దుంప కడుతుంది, చిగురు చాలా నెలలు ఆలస్యం. ఈలోగా ఏమైందోనని పీకి చూడకపోతే చాలు. ఇక మన దగ్గర జేడ్ పేరుతో అమ్మేది ఎక్కువగా పోర్చులకేరియా. దానికి ఆకు కంటే కొమ్మే నయం.

అపోహ: కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా దిగిపోతాయి.

ఇది పెద్ద పెద్ద తోటమాలులు కూడా చెప్పే మాట. కానీ సన్నటి మట్టి కింద పెద్ద రాళ్ళుంటే, పై మట్టి పూర్తిగా నానేదాకా నీళ్ళు రాళ్ళలోకి దిగవు. అంటే బురద పొర పైకి జరిగి వేళ్ళకి ఇంకా దగ్గరవుతుంది. నమ్మకం లేకపోతే గిన్నెలు తోమే స్పాంజి నిండా తడిపి అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగాక నిలువుగా తిప్పితే మళ్ళీ కారుతుంది. లోతు పెరిగేకొద్దీ నీళ్ళు దిగుతాయి. రాళ్ళు పోసి ఆ లోతునే మనం తగ్గిస్తున్నాం. మట్టి జారకుండా చిల్లు మీద ఒక్క పెంకు పెట్టండి, చాలు. చిల్లు లేని గాజుగిన్నెలో సక్యులెంట్లు (దళసరి ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్కలు) అమర్చడం ఫొటోకి బాగుంటుంది గానీ ఎక్కువ కాలం నిలవదు.

సక్యులెంట్లు "అసలు చావవు" అని కూడా అంటారు. గుమ్మానికి దిష్టికని తలకిందులుగా కట్టిన కలబంద మట్టి లేకుండా, నీళ్ళు లేకుండా నెలల తరబడి బతకడం అందరం చూశాం. కొత్త ఆకులు పైకి వంగుతూ వస్తాయి కూడా. దాన్నే కుండీలో పెట్టి జులై వానలో వదిలేస్తే మొదలు మెత్తబడిపోతుంది. గులాబీ పువ్వులా ఉండే ఎచెవేరియాలతో ఇంకా కష్టం. వాటి పుట్టిల్లు చాలావరకు మెక్సికో ఎత్తైన ప్రాంతాలు, ఆన్‌లైన్‌లో మనకొచ్చే చాలా మొక్కలు కాలింపాంగ్ లాంటి కొండల్లో పెంచినవి. రాత్రుళ్ళు కూడా చల్లబడని మన కోస్తా ఉక్కలో అవి నిలబడటం అరుదు. హైదరాబాద్‌లో కాస్త నయం. కొనాలనుకుంటే చలికాలం మొదట్లో కొనండి, వాన తగలని చోట మట్టికుండీలో పెట్టండి. మట్టి ఒక వంతైతే ముతక ఇసుకో ఇటుక ముక్కలో రెండు వంతులుండాలి.

అపోహ: నాలుగు మొక్కలు పెడితే గదిలో గాలి శుద్ధి అవుతుంది.

1989లో నాసా చేసిన ప్రయోగం పేరు చెప్పి మా వ్యాపారులే దీన్ని బాగా వాడుకున్నారు. ఆ ప్రయోగం జరిగింది గాలి బయటికి పోకుండా మూసేసిన చిన్న పెట్టెల్లో. అప్పటిదాకా వచ్చిన ఇలాంటి పరిశోధనల లెక్కల్ని 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీవాళ్ళు తిరిగి చూశారు. మామూలు భవనంలో ఎలాగూ జరిగే గాలి మార్పిడికి సమానమైన ఫలితం రావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చారు. అంటే పదడుగులకి పదడుగుల గదిలో తక్కువలో తక్కువ 90కి పైగా! కిటికీ తెరవడం తేలిక.

స్నేక్ ప్లాంట్ రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందన్నదీ ఇలాంటిదే. రాత్రి అది ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని దాచుకుంటుంది, నీళ్ళు ఆవిరి కాకుండా ఉండటానికి. ఆక్సిజన్ తయారవ్వాలంటే వెలుతురుండాల్సిందే. పడగ్గదిలో మొక్క పెడితే ప్రమాదమన్న భయమూ వద్దు, రాత్రి రెండు కుండీలు వదిలే కార్బన్ డయాక్సైడ్ కంటే పక్కన పడుకున్న మనిషి వదిలేదే చాలా ఎక్కువ.

దొంగతనంగా తెచ్చిన మనీప్లాంటే బతుకుతుందంటారా? కణుపుంటే కొన్నదీ బతుకుతుంది.

వంటింటి ఎరువుల్లో టీపొడి మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు, చక్కెర పోయేలా కడిగి, కంపోస్టులో కలిపితే. కడగకుండా వేస్తే చీమలు చేరతాయి. చీమలున్న కుండీలోకి పిండినల్లి వస్తే అంత తేలిగ్గా వదలదు, ఎందుకంటే అది విసర్జించే తీపి కోసం చీమలే దానికి కాపలా కాస్తాయి. ఆకు మెరవడానికి పాలు రాయడం మానేయండి, తడిగుడ్డ చాలు.

చివరగా డిఫెన్‌బాకియా. "ఈ మొక్క తింటే పిల్లాడు నిమిషంలో చనిపోతాడు" అని వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డ్ చూసి మొక్కలు పీకేసినవాళ్ళున్నారు. ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు మండుతుంది, నాలుక వాస్తుంది. నిమిషంలో ప్రాణం తీయడమన్నది అతిశయోక్తి. అలాగని తేలిగ్గానూ తీసుకోకండి, వాపు ఎక్కువైతే మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో అందని ఎత్తులో పెట్టండి, నమిలితే నోరు కడిగించి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. యూఫోర్బియా కొమ్మ కోసేటప్పుడు కారే పాలు కంట్లో పడితే ఇంకా ప్రమాదం. చేతికి గ్లౌజులు వేసుకుని కోయండి, పని అయ్యాక కత్తి కూడా సబ్బుతో కడగండి.